పాత వస్తువుకు వెల కట్టించాలంటే ఎవరి దగ్గరికి వెళ్లాలి

తాతల నాటి వస్తువు ఇంట్లో ఉన్న ప్రతి కుటుంబానికీ ఏదో ఒక సందర్భంలో దాని విలువ తెలుసుకోవలసిన అవసరం వస్తుంది. ఆస్తి పంపకాలప్పుడు కావచ్చు, పాత ఇల్లు పడగొట్టించేటప్పుడు కావచ్చు, విదేశంలో స్థిరపడిన పిల్లలు ఇంటి గుర్తుగా ఏదైనా తీసుకువెళతామని అడిగినప్పుడు కావచ్చు. అప్పుడు మన ముందున్న దారులు తక్కువేమీ కావు. వీధి చివర బంగారు వెండి దుకాణం ఉంటుంది, పాత సామాన్ల వ్యాపారి ఉంటాడు, నాణేలు సేకరించేవారు, వేలం సంస్థలు, ప్రభుత్వ పురావస్తు శాఖ, పన్ను అవసరాల కోసం నమోదైన మదింపుదారులు, ఫోటో పంపితే ధర చెబుతామనే వెబ్‌సైట్లు ఉంటాయి. ఒకే వస్తువును వీరందరికీ చూపిస్తే ఒక్కొక్కరు ఒక్కో అంకె చెబుతారు. వారిలో ఎవరూ అబద్ధం ఆడకపోయినా ఆ అంకెలు కలవవు, ఎందుకంటే ఒకరు చెప్పేది లోహం ధర, మరొకరు చెప్పేది తాము కొనే ధర, ఇంకొకరు చెప్పేది వేలంలో పలకగలదని ఊహించే ధర.

ఈ దారుల్లో ఏది ఏ వస్తువుకు, ఏ అవసరానికి సరిపోతుందో పోల్చి చూడడమే ఈ వ్యాసం ఉద్దేశం. పోలికలోకి వెళ్లే ముందు రెండు విషయాలు గట్టిగా చెప్పదలచుకున్నాను. వెల కట్టేవారూ కొనేవారూ ఒకరే కాకూడదన్నది మొదటిది. కొనదలచిన మనిషికి ధర తగ్గించి చెప్పవలసిన అవసరం ఉంటుంది. అతడు ఎంత మంచివాడైనా ఆ అవసరం పోదు. ధర కన్నా ముందు ఆ వస్తువు ఏమిటో, ఎప్పటిదో, ఎక్కడిదో తేలాలన్నది రెండోది. గుర్తింపు సరిగా జరిగితే ధర దానంతట అదే ఒక పరిధిలోకి వస్తుంది. గుర్తింపు లేకుండా చెప్పిన అంకె పెద్దదైనా చిన్నదైనా నమ్మదగినది కాదు.

నిజాం రూపాయి: ఒకే నాణెం, మూడు ధరలు

తెలంగాణ ఇళ్లలో ఎక్కువగా బయటపడేది చార్మినార్ బొమ్మ ఉన్న వెండి రూపాయి కాబట్టి దానితోనే మొదలుపెడదాం. హాలీ సిక్కా అని పిలిచే ఈ నాణెం బరువు సుమారు 11.18 గ్రాములు, అందులో వెండి 81.8 శాతం. అంటే ఒక్కో రూపాయిలో దాదాపు 9.1 గ్రాముల స్వచ్ఛమైన వెండి ఉంటుంది. కోస్తా, రాయలసీమ ఇళ్లలో కనిపించే బ్రిటిష్ ఇండియా రూపాయి దీనికన్నా బరువైనది, శుద్ధమైనది: 1939 వరకు దాని బరువు 11.66 గ్రాములు, వెండి 91.7 శాతం. 1940 నుంచి అందులో వెండి 50 శాతానికి పడిపోయింది, 1947 నాటి రూపాయిలో వెండి అసలు లేదు, అది నికెల్ నాణెం.

ఈ నాణేన్ని వెండి దుకాణంలో ఇస్తే వారు తూకం వేసి, శుద్ధత చూసి, ఆనాటి వెండి ధరలో కొంత తగ్గించి చెబుతారు. అది తప్పు ధర కాదు, కనీస ధర. ఆ నాణెం ఏ పరిస్థితిలోనూ అంతకన్నా తక్కువకు పోకూడదన్న హద్దు మనకు అక్కడ తెలుస్తుంది. కాబట్టి వెండి దుకాణానికి వెళ్లడం వృథా కాదు. అక్కడే అమ్మేసి రావడం మాత్రం తొందరపాటు.

నాణేల నిపుణుడు అదే రూపాయిని తూచే ముందు చదువుతాడు. చార్మినార్ మధ్య ద్వారంలో ఒక ఉర్దూ అక్షరం ఉంటుంది. అది ‘మీమ్’ అయితే ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ కాలపు నాణెం, ‘ఐన్’ అయితే ఏడో నిజాం ఉస్మాన్ అలీ ఖాన్ కాలపుది. ఉస్మాన్ అలీ ఖాన్ గద్దెనెక్కిన 1911 ప్రాంతపు తొలి నాణేలలో ఈ ‘ఐన్’ సగమే కనిపిస్తుంది, తరువాతి వాటిలో పూర్తిగా ఉంటుంది. సేకర్తలు భూతద్దం పెట్టి ముందుగా చూసేది ఆ ద్వారాన్నే. నాణెం మీద ఉన్న సంవత్సరం విషయంలో మన వాళ్లు తరచూ పొరబడతారు. 1337 అని కనిపించగానే అది ఏడు వందల ఏళ్ల నాటిదని సంబరపడతారు, కానీ అది హిజ్రీ సంవత్సరం. మన లెక్కలో 1918–19. ఆ ఒక్క అంకెను సరిగ్గా చదివించుకోవడానికే నిపుణుడి దగ్గరికి వెళ్లవచ్చునని నేను అంటాను, ఎందుకంటే కాలం తేలితే అరుదైనదా, మామూలుదా అన్నది తేలుతుంది, వంద ఏళ్లు దాటిన నాణేలకు వర్తించే చట్టం దీనికి వర్తిస్తుందా అన్నదీ తేలుతుంది.

మూడో ధర వేలంలో పలికేది. దేశంలో నాణేల కోసమే వేలాలు నిర్వహించే సంస్థలు ముంబై, బెంగళూరు వంటి నగరాల్లో ఉన్నాయి. నాణేనికి రెండు వైపులా తీసిన స్పష్టమైన ఫోటోలు, బరువు, అడ్డుకొలత పంపితే సాధారణంగా ప్రాథమిక అంచనాకు రుసుము తీసుకోరు. అయితే వేలం సంస్థకు అరుదైన నాణేల మీదనే ఆసక్తి ఉంటుంది. చలామణిలో అరిగిపోయిన మామూలు రూపాయిని వారు విడిగా తీసుకోరు, తీసుకున్నా పది ఇరవై నాణేలను కలిపి ఒకే లాటుగా పెడతారు. మరో సంగతి, పత్రికల్లో కనిపించే వేలం ధర మొత్తం అమ్మినవారి చేతికి రాదు. సుత్తి దెబ్బతో ఖాయమైన ధర మీద కొన్నవారు అదనంగా సంస్థకు రుసుము కడతారు, అమ్మినవారి సొమ్ములోంచి కూడా సంస్థ తన కమిషన్ మినహాయించుకుంటుంది. లక్ష రూపాయలకు ఖాయమైన నాణేనికి రెండు వైపులా 15 శాతం చొప్పున వసూలు ఉందనుకుంటే, కొన్నవారు కట్టేది 1,15,000, అమ్మినవారికి అందేది 85,000, పన్నులు వేరే. కాబట్టి ఎవరైనా ‘ఇలాంటిది వేలంలో ఇంత పలికింది’ అన్నప్పుడు అది ఏ అంకె అన్నది అడగాలి.

నాణేల విషయంలో నా సలహా సూటిగా ఇది: అయిదారు మామూలు రూపాయలు మాత్రమే ఉంటే నాణేల ప్రదర్శనలో ఇద్దరు ముగ్గురు వ్యాపారులకు చూపించి అభిప్రాయం తీసుకుంటే చాలు. ఎక్కువ సంఖ్యలో ఉంటే, లేదా బంగారు అష్రఫీలో, సంస్థానం 1918 నుంచి ముద్రించిన ఉస్మానియా కాగితపు నోట్లో ఉంటే వేలం సంస్థ నిపుణుడి దగ్గరికే వెళ్లాలి. ఎన్‌జీసీ, పీసీజీఎస్ వంటి అమెరికన్ సంస్థలతో గ్రేడింగ్ (నాణెం స్థితికి శ్రేణి నిర్ణయించడం) చేయించి ప్లాస్టిక్ పెట్టెలో సీలు వేయించుకోవడం, ఆ ఖర్చుకు ఎన్నో రెట్లు విలువ చేసే నాణేనికే తగుతుంది. ఏ దారి ఎంచుకున్నా, చూపించే ముందు నాణేన్ని చింతపండుతోగానీ పళ్లపొడితోగానీ తోమకూడదు, నోటును ల్యామినేషన్ చేయించకూడదు. తోమిన నాణెం మెరుస్తుంది కానీ దాని మీది సహజమైన పొర పోయి సేకర్తల దృష్టిలో విలువ పడిపోతుంది, ఆ నష్టాన్ని ఏ నిపుణుడూ సరిచేయలేడు.

రాముడు, సీత, లక్ష్మణుడు, హనుమంతుడు ఉండి వెనుక ఈస్ట్ ఇండియా కంపెనీ పేరుతో 1818 అని ఉన్న రాగి ‘అర్ధణా’లను కూడా చాలామంది భద్రంగా దాచుకుంటారు. కంపెనీ అలాంటి నాణేలు ఎన్నడూ ముద్రించలేదు. అవి తరువాతి కాలంలో తయారైన బిళ్లలు. పూజలో ఉంచుకోవడానికి అభ్యంతరం లేదు కానీ వాటికి నిపుణుడి రుసుము ఖర్చుపెట్టనక్కరలేదు.

పాత నగలు: బంగారం తప్ప మిగతాదంతా ఎక్కడికి పోతుంది

కాసులపేరు, కంటె, అరవంకి, వడ్డాణం వంటి పాత నగల విషయంలో మనవారు దాదాపుగా నగల దుకాణం ఒక్కదాన్నే నమ్ముతారు. దుకాణంలో యంత్రం మీద శుద్ధత చూసి, రాళ్ల బరువు, లోపలి లక్క బరువు తీసేసి, మిగిలిన బంగారానికి ధర కడతారు. మార్చి కొత్త నగ చేయించుకునే వారికి ఆ లెక్క సరిపోతుంది. కానీ పాత నగలో బంగారం కాకుండా ఇంకేం ఉందన్నది ఆ లెక్కలోకి రాదు.

హైదరాబాద్ కుటుంబాల్లో తరతరాలుగా వచ్చిన ముత్యాల హారాలు ఇందుకు మంచి ఉదాహరణ. బస్రా ముత్యాలుగా పేరుపడిన పర్షియన్ సింధుశాఖ ముత్యాలు సముద్రంలో సహజంగా ఏర్పడినవి. పెంచిన ముత్యాలు మార్కెట్‌ను ముంచెత్తడం 1920ల నుంచి మొదలైంది. పైకి చూస్తే పాతబడి, కొంచెం పసుపు తిరిగి, సైజులు కలవకుండా ఉన్న హారం కొత్త ముత్యాల పక్కన వెలవెలబోతుంది, దుకాణంలో దాన్ని పక్కన పెట్టి బంగారు కొక్కేన్ని మాత్రం తూచిన సందర్భాలు ఉన్నాయి. నిజానికి సహజ ముత్యాల హారం అది కూర్చిన బంగారం కన్నా ఎన్నో రెట్లు విలువ చేయవచ్చు. సహజమైనదా, పెంచినదా అన్నది కంటికి తెలియదు. లోపలి పొరల అమరికను ఎక్స్‌రే చిత్రంలో చూసి రత్నపరీక్ష ప్రయోగశాల తేలుస్తుంది. ముంబై, జైపూర్‌లలో అలాంటి ప్రయోగశాలలు ఉన్నాయి. ప్రయోగశాల ఇచ్చేది గుర్తింపు పత్రమే, ధర కాదు. ఆ పత్రం పట్టుకుని పాత నగల వేలాలు నిర్వహించే సంస్థను అడిగితే ధర తెలుస్తుంది. ముత్యాలు, పెద్ద పచ్చలు, కెంపులు, చెక్కని పాత వజ్రాలు ఉన్న నగకు ఈ రెండు మెట్ల దారే ఎంచుకోవాలని నా అభిప్రాయం. సాదా బంగారు నగకు మాత్రం నమ్మకమైన నగల దుకాణం చాలు.

నగతో పాటు దాని చరిత్రను కూడా భద్రపరచాలి. నాయనమ్మ ఆ హారం వేసుకుని దిగిన పెళ్లి ఫోటో, చేయించిన దుకాణం రసీదు, సంస్థానం నుంచి బహుమానంగా అందిందని చెప్పే ఉత్తరం వంటివి నిపుణుడి చేతిలో సాక్ష్యాలవుతాయి. అదే పనితనం ఉన్న రెండు నగలలో చరిత్ర రుజువైనదానికే ఎక్కువ ధర వస్తుంది. హైదరాబాద్ నిజాముల ఆభరణాల్లో 173 వస్తువులను కేంద్ర ప్రభుత్వం 1995లో 218 కోట్ల రూపాయలకు కొన్నది. ఆ మొత్తాన్ని కేవలం బంగారం తూకంతో, రాళ్ల బరువుతో లెక్కగట్టి ఉంటే అది ఆ ఆభరణాలకు న్యాయం చేసినట్లు అయ్యేది కాదు.

పట్టుచీరలకూ ఇదే వర్తిస్తుంది. ‘పాత పట్టుచీరలు కొంటాం’ అంటూ వీధిలో తిరిగేవారు జరీని కాల్చి వెండి తీయడానికే కొంటారు. గద్వాల, వెంకటగిరి చీర వంద ఏళ్ల నాటిదై, అంచు నిలిచి ఉంటే, దాన్ని వస్త్ర సేకర్తలకో చేనేత నిపుణులకో చూపించకుండా ఇవ్వవద్దని మనసారా కోరుతున్నాను.

తాళపత్రాలు: ధర అడగవలసిన వస్తువు కాదు

అటక మీద తాళపత్రాల కట్ట దొరికినవారు ముందుగా వ్యాపారిని పిలవడం నన్ను బాధపెట్టే సంగతి. బొమ్మలు లేని సాధారణ తెలుగు లేదా సంస్కృత తాళపత్ర గ్రంథానికి సంతలో వచ్చే ధర చాలా తక్కువ. అందులోని పాఠం మాత్రం మరెక్కడా లేనిది కావచ్చు. ఇక్కడ వ్యాపారికీ లిఖిత గ్రంథాలయానికీ పోలికే లేదు. హైదరాబాద్‌లో ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణంలోని ప్రాచ్య లిఖిత గ్రంథాలయం, తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయపు ప్రాచ్య పరిశోధన సంస్థ ఇలాంటి గ్రంథాలను చదివి, గుర్తించి, భద్రపరిచే చోట్లు. దేశవ్యాప్తంగా ఈ పని కోసం 2003లో జాతీయ లిఖిత గ్రంథాల మిషన్ మొదలైంది.

అక్కడి పండితులు ఏం చేస్తారో ఒక ఉదాహరణతో చెబుతాను. గ్రంథం చివర రాయసకాడు తన పేరు, ఊరు, సంవత్సరం, మాసం, తిథి, వారం రాసి ముగించే ఆచారం ఉంది. ‘ఆనంద నామ సంవత్సరం’ అని మాత్రమే ఉంటే అది 1914–15 కావచ్చు, 1854–55 కావచ్చు, 1794–95 కావచ్చు, ఎందుకంటే మన సంవత్సరాల పేర్లు అరవై ఏళ్లకొకసారి తిరిగి వస్తాయి. తిథికి రాసిన వారం ఏ శతాబ్దంలో సరిపడుతుందో పంచాంగ గణితంతో చూసి, లిపి తీరును, ఆకు రంగును, రంధ్రాల అరుగుదలను దానితో సరిపోల్చి వారు కాలాన్ని నిర్ణయిస్తారు. ఈ పని ఏ వ్యాపారీ చేయడు, ఏ వెబ్‌సైటూ చేయలేదు. గ్రంథాన్ని ఇచ్చేయడానికి ఇష్టం లేకపోతే డిజిటల్ ప్రతి తీయించుకోవడానికి వీలుందేమో అడగవచ్చు. కట్టను మీరే విప్పి ఆకులను విడదీయడం, తడిగుడ్డతో తుడవడం మాత్రం చేయకూడదు. ఎండిన ఆకు విరిగితే అతకదు.

బిద్రీ, కంచు, ఇత్తడి: వ్యాపారి దగ్గరికి వెళ్లదగిన సందర్భం

గంగాళాలు, గుండిగలు, కాగులు, కంచు మరచెంబులు చాలా ఇళ్లలో మూలన పడి ఉన్నాయి. వీటిలో ఎక్కువ భాగానికి లోహం ధర మీద కొంత అలంకరణ విలువ కలుస్తుంది, అంతే. రుసుము కట్టి నిపుణుడిని పిలిపించడం ఈ వస్తువులకు గిట్టుబాటు కాదు. తుక్కు దుకాణంలో కిలోల లెక్కన వేసే బదులు, హైదరాబాద్ పాతబస్తీలోని మహబూబ్ చౌక్ వంటి చోట్ల పాత సామాను వ్యాపారం చేసేవారిని ఇద్దరు ముగ్గురిని అడిగి, వారు చెప్పిన ధరలలో ఎక్కువకు ఇవ్వడం సరైన దారి. వ్యాపారికి ఉన్న బలం ఇదే: రోజూ కొంటూ అమ్ముతూ ఉంటాడు కాబట్టి ఈ నెలలో దేనికి గిరాకీ ఉందో అందరికన్నా అతనికే బాగా తెలుసు, డబ్బు వెంటనే చేతికి ఇస్తాడు.

బిద్రీ హుక్కా అడుగు, పాన్‌దాన్, సురాహీ వంటివి ఉంటే మాత్రం ఆగాలి. జింకు ఎక్కువగా, రాగి కొద్దిగా కలిపి పోత పోసి, వెండి తీగనో రేకునో పొదిగి, బీదర్ కోట మట్టిలో నవాసారం కలిపి మరిగించి నల్లబరిచే ఈ పనిలో పాతవాటికీ నేటివాటికీ తేడా దగ్గరగా చూస్తే తెలుస్తుంది. పాత పనిలో వెండి రేకు మందంగా ఉండి లోహంలో ఇమిడిపోతుంది, గోరుతో తడిమితే అంచు తగలదు. నాసిరకం కొత్త వాటిలో నలుపు రంగు పూతలా ఉండి గీతలు పడిన చోట బూడిద రంగు బయటపడుతుంది. తేడా తెలియాలంటే సాలార్‌జంగ్ మ్యూజియంలోని బిద్రీ సేకరణను తీరిగ్గా చూసి రావడం ఎంతో మేలు చేస్తుంది. అక్కడివారు మీ వస్తువుకు ధర చెప్పరు, మ్యూజియంలు సాధారణంగా ఆ పని చేయవు. కానీ ఆ అల్మారాల ముందు గడిపిన పూట తరువాత మీ చేతిలోని వస్తువును మీరు వేరే కళ్లతో చూస్తారు. పాతదని తోస్తే కళాఖండాల వేలం సంస్థకే పంపాలి.

విగ్రహాలు, చిత్రపటాలు: ధర కన్నా ముందు చట్టం

1972 నాటి పురావస్తువుల, కళానిధుల చట్టం 1976 ఏప్రిల్ 5 నుంచి అమలులో ఉంది. దాని ప్రకారం వంద ఏళ్లు దాటిన నాణేలు, శిల్పాలు, చిత్రాలు, ఇతర కళావస్తువులు పురావస్తువులు. చారిత్రక, సాహిత్య విలువ ఉన్న లిఖిత గ్రంథాలకైతే 75 ఏళ్లు చాలు. రాతి, లోహ, దంత శిల్పాలనూ, చిత్రాలనూ, బొమ్మలున్న లిఖిత గ్రంథాలనూ నమోదు అధికారి దగ్గర నమోదు చేయించాలి, చేతులు మారితే తెలియజేయాలి. లైసెన్సు లేకుండా పురావస్తువుల వ్యాపారం చేయకూడదు. ప్రైవేటు వ్యక్తులు వాటిని దేశం దాటించకూడదు. అలా చేస్తే ఆరు నెలలకు తగ్గకుండా మూడేళ్ల వరకు జైలుశిక్ష ఉంది.

కాబట్టి పూజగదిలో తరతరాలుగా ఉన్న పంచలోహ విగ్రహానికి వెల కట్టించాలంటే మొదటి మెట్టు వ్యాపారి కాదు, పురావస్తు శాఖ నమోదు అధికారి. నమోదు చేయిస్తే విగ్రహాన్ని ప్రభుత్వం తీసుకుపోతుందన్న భయం చాలామందిలో ఉంది. నమోదు అంటే స్వాధీనం కాదు. విగ్రహం మీ ఇంట్లోనే ఉంటుంది, మీదేనన్న రుజువు అదనంగా వస్తుంది, దొంగతనం జరిగితే గుర్తుపట్టడానికి ఫోటోతో కూడిన రికార్డు ఉంటుంది. వంశపారంపర్యంగా వచ్చినదానికీ పొలం దున్నుతుంటే దొరికినదానికీ తేడా ఉంది. నేలలో దొరికిన నిధి విలువ పది రూపాయలు దాటితే 1878 నాటి నిధి చట్టం ప్రకారం కలెక్టరుకు తెలియజేయవలసిందే, దానికి వెల కట్టించే ప్రశ్న ఆ తరువాతే. ఏనుగు దంతపు వస్తువులకు వన్యప్రాణి చట్టం అడ్డు వస్తుంది. వాటి అమ్మకం గురించి మాట్లాడే వ్యాపారి నుంచి దూరంగా ఉండడం మంచిది.

రవివర్మ పటాల గురించి ఒక మాట. మన ఇళ్ల గోడల మీద ఉన్నవి ఆయన ముద్రణాలయం నుంచి వచ్చిన అచ్చు పటాలు, లేదా వాటిని చూసి తరువాత వేసిన అచ్చులు. భూతద్దంలో చూసినప్పుడు రంగులు వరుస తప్పని చిన్న చుక్కల గుత్తులుగా కనిపిస్తే అది ఇటీవలి ఆఫ్‌సెట్ ముద్రణ. క్రమం లేని గరుకు మచ్చలుగా ఉంటే పాత శిలాముద్రణ కావచ్చు. అంచు కత్తిరించని, అడుగున ముద్రణాలయం పేరు కనిపించే పాత పటానికి సేకర్తలు ఉన్నారు. దీనికి అచ్చు పటాలు తెలిసిన వ్యాపారి లేదా వేలం సంస్థ సరిపోతారు. పటాన్ని చట్రంలోంచి మీరే ఊడదీయవద్దు.

ఫోటో పంపి ధర తెలుసుకోవడం

ఆన్‌లైన్ మదింపు వల్ల ఒక మంచి ప్రయోజనం ఉంది: పాత వేలాల ఫలితాలను మీరే వెతికి మీ వస్తువు లాంటిది ఎంతకు పోయిందో చూసుకోవచ్చు. అమ్మకానికి పెట్టిన ధరలను కాక అమ్ముడైన ధరలనే చూడాలి. రూపాయి నాణేన్ని కోటి రూపాయలకు పెట్టడం ఎవరైనా చేయగలరు, కొన్నవారు ఉండాలి కదా. బరువు, స్పర్శ, చప్పుడు, వెనుక భాగం ఫోటోలో తెలియవు కాబట్టి అసలు నకిలీ తేల్చే పనికి ఈ దారి పనికిరాదు.

ముందుగా డబ్బు కట్టమనే చోట పూర్తిగా ఆగిపోవాలి. వైష్ణోదేవి బొమ్మ నాణేనికి, 786 అంకె ఉన్న నోటుకు లక్షలు ఇస్తామని చెప్పి, కమిషన్ అనీ పన్ను అనీ వసూలు చేసే మోసాల గురించి రిజర్వు బ్యాంకు 2021 ఆగస్టులో ప్రజలను హెచ్చరించింది. తన పేరు, ముద్ర వాడుకుని ఎవరైనా రుసుము అడిగితే నమ్మవద్దని, అలాంటి లావాదేవీలకు తాను ఎవరికీ అధికారం ఇవ్వలేదని స్పష్టం చేసింది. మన రెండు రాష్ట్రాల్లో పాత రాగి పాత్రకు బియ్యాన్ని ఆకర్షించే శక్తి ఉందని, ‘పరీక్ష’ ఖర్చు భరిస్తే కోట్లు వస్తాయని నమ్మించే రైస్ పుల్లింగ్ ముఠాల చేతిలో జీవితకాలపు సంపాదన పోగొట్టుకున్న కుటుంబాలు ఉన్నాయి. ఏ రాగి పాత్రకూ అలాంటి శక్తి లేదు. నిజమైన నిపుణుడు వస్తువు మహిమను పరీక్షించడు. దాని కాలాన్ని, పనితనాన్ని, స్థితిని పరిశీలిస్తాడు.

పంపకాలు, బీమా, పన్ను: రాతపూర్వక నివేదిక కావలసిన చోట

అమ్మే ఉద్దేశం లేకుండా విలువ తెలియవలసి వస్తే వ్యాపారినీ వేలం సంస్థనూ పక్కన పెట్టి, రుసుము తీసుకుని నివేదిక ఇచ్చే స్వతంత్ర మదింపుదారునే ఎంచుకోవాలి. నగలకు, కళాఖండాలకు వేర్వేరుగా నమోదైన మదింపుదారులు ఉంటారు కాబట్టి అర్హత ఏ తరగతిలో ఉందో అడిగి తెలుసుకోవాలి.

అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ల మధ్య పంపకాలలో దీని విలువ ఎంతో ఉంటుంది. ఇంట్లో పెద్దవారు నోటిమాటగా కట్టిన వెల మీద వచ్చిన అలకలు తరాల పాటు నిలిచిపోవడం మనం చూస్తూనే ఉన్నాం. వాటాదారులందరూ కలిసి ఒకే మదింపుదారును ఒప్పుకోవాలి, రుసుము సమంగా భరించాలి, వస్తువులు చూపించేటప్పుడు అందరి తరఫునా ఎవరో ఒకరు ఉండాలి. నివేదిక చేతికి వచ్చాక, వస్తువు ఉంచుకునేవారు మిగతావారికి విలువలో వాటా ఇచ్చే పద్ధతి అన్నిటికన్నా శాంతంగా సాగుతుంది. పంపకాలకు మార్కెట్ విలువ అడగాలి, బీమాకు అయితే అలాంటిదే మళ్లీ కొనడానికి పట్టే ధర అడగాలి; రెండోది సాధారణంగా ఎక్కువగా ఉంటుంది. బీమా నివేదికలోని పెద్ద అంకెను పంపకాల్లో వాడితే వస్తువు ఉంచుకున్నవారికి అన్యాయం జరుగుతుంది.

అమ్మకంపై పన్ను లెక్కలో నగలు, చిత్రాలు, శిల్పాలు, పురావస్తు సేకరణలు మూలధన ఆస్తులే. ఇంట్లో వాడుకునే వస్తువులకు ఉన్న మినహాయింపు వీటికి లేదు. 2001 ఏప్రిల్ 1కి ముందు నుంచి కుటుంబంలో ఉన్నదానికి ఆ తేదీ నాటి మార్కెట్ విలువను కొన్న ధరగా చూపవచ్చు. పాతికేళ్ల నాటి ధరను ఆధారాలతో లెక్కగట్టడం నమోదైన మదింపుదారు మాత్రమే చేయగల పని.

మంచి నివేదికలో వస్తువు వర్ణన, కొలతలు, బరువు, పదార్థం, కాలం, పగుళ్లు మరమ్మతులతో సహా స్థితి, చరిత్ర, ఫోటోలు ఉంటాయి. ఏ రకపు విలువ, ఏ తేదీ నాటిది, ఏ అమ్మకాలతో పోల్చి తేల్చారన్నది ఉంటుంది. ‘పురాతన విగ్రహం, విలువ అయిదు లక్షలు’ అని ఒక్క వాక్యంలో ముద్ర వేసి ఇచ్చిన కాగితానికి రుసుము దండగ. రుసుము పనికి లేదా గంటలకు ఉండాలి. వస్తువు విలువలో శాతంగా అడిగేవారిని తీసుకోవద్దు. అంకె పెరిగితే వారి సంపాదన పెరుగుతుంది. ఇద్దరు నిపుణుల అంచనాలు బాగా దూరంగా ఉంటే సగటు తీయవద్దు. ఇద్దరూ వస్తువును ఒకే కాలానికి చెందినదిగా గుర్తించారా లేదా చూడాలి. తేడా సాధారణంగా అక్కడే దొరుకుతుంది.

విదేశాల్లో ఉన్నవారికి

అమెరికాలో వృత్తి ప్రమాణాల ప్రకారం పనిచేసే మదింపుదారులు విలువలో శాతాన్ని రుసుముగా తీసుకోకూడదన్న నియమం ఉంది. అక్కడి మ్యూజియానికి 5,000 డాలర్లకు మించిన వస్తువును దానమిచ్చి పన్ను మినహాయింపు కోరితే అర్హత ఉన్న మదింపుదారు నివేదిక తీసుకోవాలి. అయితే దక్షిణ భారత కంచు, బిద్రీ, హైదరాబాద్ నాణేలు తెలిసినవారు అన్ని ఊళ్లలో ఉండరు. ఇంటికి దగ్గరగా ఉన్న సాధారణ మదింపుదారు కన్నా, దూరాన ఉన్నా దక్షిణాసియా కళలో అనుభవం ఉన్నవారే మేలు.

ఇక్కడి నుంచి వస్తువు తీసుకువెళ్లదలచినవారు వెల గురించి ఆలోచించే ముందు దాని వయసు తేల్చుకోవాలి. వంద ఏళ్లు, లిఖిత గ్రంథమైతే 75 ఏళ్లు దాటినదైతే ఆ ఆలోచన మానుకుని, ఇక్కడే ఉన్న తోబుట్టువుల దగ్గర ఉంచి నమోదు చేయించడం తప్ప మార్గం లేదు. కొత్తదే అయినా పాతదిలా కనిపించే ఇత్తడి విగ్రహం, చెక్క శిల్పం, చిత్రపటం ఉంటే భారత పురావస్తు సర్వేక్షణ సంస్థకు దరఖాస్తు చేసి, పురావస్తువు కాదని ధ్రువపత్రం తీసుకోవచ్చు. నిపుణులు వస్తువును స్వయంగా చూశాకే ఆ పత్రం ఇస్తారు కనుక ప్రయాణానికి చాలా ముందుగానే వెళ్లాలి, పత్రం చేతికి వచ్చేదాకా ఆ వస్తువును ప్రయాణపు సామానులో సర్దకూడదు.